దెయ్యం సినిమాకి తోడు

పోయిన ఆదివారం నెల్లూరులో ఒక దెయ్యం సినిమాకి వెళ్లాను. కొత్తగా కట్టిన హాలు. ఏసీ చలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి. తెరమీద ఒక అమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని పాడుబడ్డ బంగళాలో మెట్లు దిగింది. వసారా చివర మూసి ఉన్న గది దగ్గర ఆగింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. హాలంతా బిగుసుకుపోయి చూస్తోంది. అంతలో నా వెనక వరసల్లోంచి ఒక ఆడగొంతు, పక్కింటి పిల్లకి బుద్ధి చెప్పినట్టు, "తీయబాకుమే" అంది.

జనం ఘొల్లున నవ్వారు. నేను చటుక్కున వెనక్కి తిరిగాను. చీకట్లో ఎవరి ముఖమూ ఆనలేదు. ఆమె కాదని నాకు తెలుసు. ఆమె పోయి రెండేళ్లు దాటింది. అయినా మెడ దానంతటదే తిరిగింది.

ఆమె పేరు రాయను. నేను అప్పుడప్పుడు పత్రికలకి కథలు రాస్తానని తెలిసిన రోజే నా దగ్గర మాట తీసుకుంది.

"నా గురించి రాస్తే రాయి. పేరు మాత్రం పెట్టబాకు. మా ఆడబిడ్డ చదివిందంటే, ఈ వయసులో దీనికి సినిమాలంట అని ఊరంతా చాటేస్తాది."

"ఊరందరికీ తెలిసిందే కదక్కా?"

"తెలుసు. తెలియడం వేరే, అచ్చులో పడ్డం వేరే."

ముత్తుకూరులో రేవుకి పోయే రోడ్డు మీద ఆమెకీ ఆమె భర్తకీ పరుపుల కొట్టు ఉండేది. తాతల నాటినుంచి దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. లారీలు లేపే బొగ్గుదుమ్ము తెల్ల దూది మీద పడకుండా కొట్టు ముందర పాత చీరలు వరసగా వేలాడదీసేవాళ్లు. ఆ చీరల్ని తప్పించుకుని లోపలికి వెళితే ముందు ఏకే మిషను మోత వినపడేది. తర్వాత మిషను దగ్గర ఆయన కనపడేవాడు. భారీ మనిషి. కనుబొమల నిండా దూది. ఆ తర్వాత నేల మీద కూర్చుని, చేతిలో దబ్బనంతో ఆమె.

నేను ఆ ఊరి బడికి తెలుగు టీచరుగా బదిలీ అయి వచ్చిన కొత్త. మా ఆయనది థర్మల్ ప్లాంటులో ఉద్యోగం. అద్దె ఇంట్లో ఉన్న పాత మంచం మీద పడుకుని నాకు నడుం పట్టేసింది. పరుపు చెప్పడానికి వెళ్లాను.

"ఏ పక్కకి తిరిగి పండుకుంటావు?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"ఎడమ పక్కకి."

"దిండు కావిలించుకుంటావా?"

నేను నసిగాను.

"ఇందులో సిగ్గుపడేదేముంది. డాక్టరుకయితే చెప్పవా?" అని లేచి నా వెనక్కి వచ్చి, నడుం మీద రెండు బొటనవేళ్లతో నొక్కి చూసింది. "నిద్ర సరిగా పట్టదు నీకు."

"అప్పుడప్పుడు."

"దెయ్యం సినిమాలు చూస్తావా?"

నిద్ర చెడిపోతుంది, చూడొద్దని చెప్పబోతోంది అనుకున్నాను. "అమ్మో, నాకు చచ్చేంత భయమక్కా" అన్నాను.

ఆమె ముఖం వికసించింది. నా ముందుకి వచ్చి నిలబడింది. "నిజంగా భయమేనా? ఊరికే అంటా ఉండావా?"

"నిజంగానే."

"అయితే ఆదివారం మ్యాటినీకి పోదాం పా."

అంతకుముందు ఆమెకి తోడు వచ్చే మనిషి ఒకామె, తన కొడుకు ఉద్యోగం కోసం తడ అనే ఊరికి వెళ్లిపోయిందట. అప్పటినుంచి సరైన జత దొరకలేదు. ఈ కాలం పిలకాయల్ని తీసుకుపోతే తెర చూడకుండా ఫోను చూస్తారు. "భయపడనోళ్ల జతన పొయ్యి ఏం లాభంమే? పెళ్లికొచ్చి అన్నం తిననోళ్ల మాదిరి కూర్చోనుంటారు" అంది.

ఆయన మిషను ఆపాడు. అప్పటిదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. "పోమ్మా," అన్నాడు. "నువ్వు పోతే నేను బతికిపోతా."

పెళ్లయిన కొత్తలో ఆమె ఆయన్ని ఒక దెయ్యం సినిమాకి తీసుకెళ్లింది. ఇంటర్వెల్లో సోడా తెస్తానని లేచినవాడు మళ్లీ రాలేదు. సినిమా అయ్యాక వెతికితే బస్టాండులో దొరికాడు. సోడా సీసా చేతిలోనే ఉంది. ఆ రోజునుంచి ఇద్దరికీ ఒక ఒప్పందం. ఆయన నెల్లూరు దాకా తోడు వస్తాడు. హాలు ఎదురుగా సోడా కొట్లో కూర్చుని పేపరు చదువుకుంటాడు. ఆమె లోపలికి పోయి చావులన్నీ చూసి వస్తుంది. తోడు మనిషి తడకి పోయినప్పటినుంచి మాత్రం, లోపలికి రమ్మని మళ్లీ ఆయన్నే పోరుతోందట.

మొదటిసారి బస్సు దగ్గర ఆమెను చూసి నేను తెల్లబోయాను. ముదురాకుపచ్చ పట్టుచీర, బంగారు జరీ అంచు, తలలో కనకాంబరాలు.

"దెయ్యాన్ని చూడ్డానికి ఇంత మంచి చీరెందుకక్కా?"

"అది యాడ చూసినా ఆ తెల్ల చీరతోనే వస్తాది. ఇద్దరిలో ఒకరన్నా కుదురుగా కనపడొద్దా?"

ఆ రోజు సినిమాలో సగం నేను చూడలేదు. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అయినా కథంతా తెలిసింది. ఎందుకంటే ఆమె తెరతో మాట్లాడుతూనే ఉంది. గట్టిగా అరవదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టు, మామూలు గొంతుతో. "ఒరే, వొంటిగా పోబాకురా." "ఆ పాపని పిలుచుకోని బయటికి రా ముందు." "ఇంత చౌకగా ఇల్లు వచ్చిందని మురిసిపోతా ఉండావే, పక్కింటోళ్లని ఒక్క మాట అడగరాదా?" ఇల్లు చౌకగా కొనే మొగుళ్లంటే ఆమెకి ఒళ్లు మంట. దెయ్యాన్నయినా క్షమించేది గాని వాళ్లని క్షమించేది కాదు.

సినిమా మొదలైన కాసేపటికే ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో తేల్చేసేది. వంట చేసే మనిషి బతుకుతాడు. అయినదానికీ కానిదానికీ నవ్వేవాడు ఇంటర్వెల్ దాటడు. కుక్కకి అందరికంటే ముందు తెలుస్తుంది, దాని మాట ఎవరూ వినరు. ఆమె చెప్పినవాటిలో సగం తప్పయ్యేవి. వంటమనిషే ముందు పోయేవాడు. అప్పుడు ఆమె ఏమాత్రం తొణికేది కాదు. "కథ రాసినోడికి తెలీలా" అని ఇంకో పల్లీ కాయ వొలుచుకునేది.

కత్తులతో పొడుచుకునే సినిమాలకి కూడా వెళ్లేవాళ్లం. మనిషిని మంచం మీదే నరికే ఘట్టం వస్తే జనమంతా కళ్లు మూసుకునేవాళ్లు. ఆమె మాత్రం రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని, "అయ్యో, బంగారం లాంటి పరుపు. ఇంక దేనికీ పనికిరాదు" అనేది. నేను కళ్లు మూసుకుని ఉండి కూడా నవ్వేదాన్ని. మెల్లమెల్లగా కొంగు తీసి చూడ్డం అలవాటైంది. నా భయం పోలేదు. కానీ ఆ భయం రుచిగా ఉందని తెలిసింది.

ఒకసారి మా ముందు వరసలో కాలేజీ కుర్రాళ్లు కూర్చున్నారు. ఒకడు వెనక్కి తిరిగి, "ఆంటీ, కొంచెం గమ్మునుంటారా, మాకు సినిమా అర్థం కావడంలా" అన్నాడు. "సరే నాయనా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజంగానే ఒక్క మాట మాట్లాడలేదు. తెరమీద ఒకడు బావిలోకి తొంగి చూశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడు తొంగి చూస్తూనే ఉన్నాడు. హాలు ఉన్నట్టుండి మునుపటికంటే చీకటిగా, మునుపటికంటే పెద్దగా అనిపించింది. ఇంకాసేపటికి ఆ కుర్రాడే వెనక్కి తిరిగాడు.

"అక్కా, వీడు చస్తాడా?"

"నన్ను మాట్లాడొద్దంటివే."

"చెప్పక్కా, ఏమనుకోబాకు."

"చస్తాడు నాయనా. ఇంట్లో కొళాయి ఉండంగా బావి కాడికి ఎందుకు పోయినాడు?"

ఆ రోజు సినిమా అయిపోయాక ఆ కుర్రాళ్లు సోడా కొట్టు దాకా మాతో నడిచి వచ్చారు.

ఇంతా చేసి, బస్సెక్కగానే ఆమె వేరే మనిషయ్యేది. ఆయన కిటికీ పక్కన కూర్చునేవాడు, ఆమె ఆయన పక్కన. నేను వెనక సీటు. బస్సు ఊరు దాటి, రెండు పక్కలా రొయ్యల గుంటలు మొదలయ్యేసరికి ఆయన గొంతు సవరించుకుని, "ఏందిమే కథ?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. మొదటిసారి విన్నప్పుడు, నేను వేరే సినిమా చూశానేమో అనుకున్నాను. ఆమె చెప్పే కథలో ఎవరూ చనిపోరు. బావిలో పడ్డవాణ్ని తాడేసి లాగుతారు. గొంతు తెగినామెకి ఆసుపత్రిలో కుట్లేస్తారు. చివర్లో కుటుంబమంతా సామాను సర్దుకుని వేరే ఊరికి పోతుంది. దెయ్యం కూడా మనసు మార్చుకుని వెళ్లిపోతుంది.

"పాపం, కుక్క?" అనేవాడు ఆయన.

"కుక్కని కూడా తోల్కపోయినారు."

ఆయన తృప్తిగా తల ఊపి కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆమె వెనక్కి తిరిగి, నేను నోరు జారకుండా, నా వైపు ఒక చూపు చూసేది.

మేము చూసినవాటిలో ఆమెను నిజంగా భయపెట్టింది ఒకటే. అందులో దెయ్యాలు లేవు. రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ నిద్రపోవడం నేరం. జనం ఏదో మాత్ర మింగి పగలూ రాత్రీ పని చేస్తుంటారు. ఇళ్లలో మంచాలుండవు. ఎవరైనా కునుకు తీస్తే సైరన్లు మోగి, నల్ల బట్టలవాళ్లు వచ్చి ఎత్తుకుపోతారు. డబ్బింగు సినిమా. తుపాకులు, పేలుళ్లు, గాలిలో తిరిగే బండ్లు. నేను హాయిగా చూస్తున్నాను. పక్కకి చూస్తే ఆమె పల్లీలు తినడం మానేసింది. తెరకి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

బయటికి వచ్చాక అంది, "దెయ్యమయితే రాత్రికే వస్తాది, తెల్లారితే పోతాది. వీళ్లు పోయేదెప్పుడుమే?"

"సినిమానే కదక్కా."

"మా వోడు రేవులో రాత్రి షిఫ్టు చేసొచ్చి పొద్దున పండుకుంటాడా. ఫోను మోగతానే ఉంటాది. క్రేను ఆగింది రమ్మంటారు, మనిషి తక్కువయినాడు రమ్మంటారు. ఎవురో మా ఇంట్లో కూర్చోని చూసి తీసినట్టుండాది." నాలుగడుగులు వేసి ఆగింది. "అంత పెద్ద ఊళ్లో ఒక్క పరుపు చూపించలా, చూస్తివా? మనిషనేవాడు పండుకోవాల కదా."

ఆ రాబోయే కాలం మీద ఆమెకి ఆ తర్వాత కూడా కోపం చల్లారలేదు. మరుసటి వారం కొడుకు పడుకునే గదికి కొత్త తలుపు పెట్టించి, పగలు వాడు నిద్రపోయేటప్పుడు ఫోను తన రవికెలో దోపుకోవడం మొదలుపెట్టింది. రేవునుంచి ఫోను వస్తే తనే ఎత్తి, "వాడు నిద్రపోతా ఉండాడు. లేచినాక చెప్తా" అని పెట్టేసేది. మొదట కొడుకు గొడవ చేశాడు. తర్వాత రేవువాళ్లకే అలవాటైపోయింది.

ఆ కొడుకు భార్యది బుచ్చిరెడ్డిపాలెం. సన్నగా, ముద్దుగా ఉండేది. నేను ముత్తుకూరు వెళ్లిన రెండో ఏడు ఆ అమ్మాయికి కడుపులో బిడ్డ పోయింది. నెలలు నిండబోతుండగా పోయింది. ఆసుపత్రినుంచి వచ్చాక ఆ అమ్మాయి మాట్లాడ్డం మానేసింది. పనులు చేసేది. పిలిస్తే వచ్చేది. ఏదడిగినా తల ఊపేది. ఏడవలేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఓదార్చారు. చిన్నదానివి, మళ్లీ పుడతార్లే అన్నారు. దేవుడిచ్చినాడు, దేవుడే తీసుకున్నాడన్నారు. అక్క ఆడబిడ్డగారు దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఆ అమ్మాయి అందరి ముందూ బుద్ధిగా కూర్చుని, అందరి మాటా విని, లేచి వెళ్లి అంట్లు తోముకునేది.

ఒక శనివారం సాయంత్రం నేను కొట్టుకి వెళ్లేసరికి వదినా ఆడబిడ్డలు వాదించుకుంటున్నారు.

"బిడ్డ పోయిన పిల్లని దెయ్యాల సినిమాకి తోల్కపోతావా?" అంటోంది ఆడబిడ్డ. "నీకేమన్నా బుద్ధుందా?"

"నువ్వు తాయెత్తు కట్టిస్తివి కదా. మాట్లాడిందా?"

"అది వేరే, ఇది వేరే."

అప్పుడే డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకు గుమ్మంలో ఆగాడు. "దాన్ని అడిగినావామ్మా?"

"అడిగినా."

"ఏమనింది?"

"తల ఊపింది."

"అన్నిటికీ ఊపతాది కదమ్మా."

"వొద్దా అని కూడా అడిగినా. దానికి ఊపలా."

వాడు "సరే అయితే" అని బండి తీశాడు.

నాకు మనసొప్పలేదు. ఆమెను పక్కకి పిలిచి, "అందులో పసిపిల్లలకేమన్నా అవుతుందేమో అక్కా" అన్నాను.

"నాకామాత్రం తెలీదా? హాల్లో టిక్కెట్లు చించే అబ్బయ్యకి ఫోను చేసి అడిగినా. అంతా ముసలోళ్లే చస్తారంట."

ఆదివారం ఆ అమ్మాయిని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. అక్క ఆమె దోసిట్లో ఉడకబెట్టిన పల్లీలు పోసింది. ఆమె వాటిని అలాగే పట్టుకుని కూర్చుంది, తినలేదు. సినిమాలో చెరువుగట్టు మీద ఒక పెద్ద ఇల్లు, అందులో ముసలి దంపతులు. అర్ధరాత్రి ముసలామె చీర తీసుకోవడానికి బీరువా తెరిచింది. లోపల ఏదో కదిలింది. మరుక్షణం అది మీదికి దూకింది.

హాలంతా కెవ్వుమంది. నేనూ అరిచాను. నా పక్కన ఆ అమ్మాయి కూడా అరిచింది. దోసిట్లో పల్లీలు ఎగిరిపడ్డాయి.

తర్వాత అందరూ ఆపారు. ఆమె ఆపలేదు.

తెరమీద తెల్లవారింది. పిట్టలు కూస్తున్నాయి. ముసలాయన వంటింట్లో టీ కాచుకుంటున్నాడు. ఆ అమ్మాయి ఇంకా అరుస్తూనే ఉంది. కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి, ఊపిరి అందినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టి అరుస్తోంది. ముందు వరసలవాళ్లు తిరిగి చూడ్డం మొదలుపెట్టారు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. బయటికి తీసుకెళ్దామని లేవబోయాను.

అక్క పల్లీల సంచి ఒళ్లో పెట్టుకుంది. నోరు తెరిచింది. ఆమె కూడా అరవడం మొదలుపెట్టింది. అరుస్తూనే చెయ్యి చాపి నా మోచేయి లాగింది. "నువ్వు కూడా అరువుమే."

నేను టీచర్ని. ఆ హాల్లో మా బడి పిల్లల తల్లిదండ్రులు ఉండి ఉండొచ్చు. అయినా అరిచాను. ముగ్గురం కలిసి అరిచాం. ముందు వరసవాళ్లు తామేదో చూడక పోగొట్టుకున్నామనుకుని తెరవైపు తిరిగి వాళ్లూ అరిచారు. వెనకనుంచి ఈలలు. ఎక్కడో ఒక మూల ఆడవాళ్ల గుంపు అందుకుంది. తెరమీద ముసలాయన టీలో చక్కెర వేసుకుని కలుపుకుంటున్నాడు. ఆ చెంచా తిరుగుతుంటే హాలు హాలంతా ప్రాణభయంతో అరుస్తోంది.

ముందుగా ఎవరు నవ్వారో తెలియదు. అరుపులు నవ్వుల్లోకి తిరిగాయి. ఆ గోలలో మా మధ్య ఉన్న అమ్మాయి అరుపు ఏడుపయ్యింది. అత్త భుజం మీది జరీ కొంగులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఆమె వైపు చూడలేదు. ఓదార్చలేదు. తెరవైపే చూస్తూ, ఒక చేత్తో కోడలి వీపు నిమురుతూ, రెండో చేత్తో ఒళ్లో పల్లీలు ఏరుకుంటూ కూర్చుంది. చుట్టుపక్కల ఎవరూ ఇటు చూడ్డం లేదు. అందరూ నవ్వుకుంటున్నారు.

చాలాసేపటికి ఆ అమ్మాయి తల ఎత్తింది. ముక్కు తుడుచుకుంది. తెరవైపు చూసింది.

"ఆ ముసలాయన చస్తాడా అత్తా?"

నెలల తర్వాత ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

"చస్తాడు," అంది అక్క. "చూడు, వొంటిగా కూర్చోని ఎట్టా నవ్వుకుంటా ఉండాడో."

ఆ సాయంత్రం బస్సులో ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏందిమే కథ?" అక్క చెప్పడానికి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు నా పక్కనుంచి కోడలు అందుకుంది.

"ఒక ముసలాయన, ముసలామె ఉంటారు మామా. వాళ్లింట్లో బీరువా ఉంటాది."

ఆయన మొత్తంగా వెనక్కి తిరిగిపోయాడు. ఆ కళ్లలో వెలుగు నేనిప్పటికీ మరవలేదు. కోడలి గొంతు బొంగురుపోయి ఉంది. ఆగి ఆగి కథంతా చెప్పింది. అక్క కళ్లతో సైగలు చేస్తోంది. ఆ అమ్మాయి చూసి కూడా, ఉన్నదున్నట్టు చెప్పింది.

"చివర్లో ముసలాయన చచ్చిపోతాడు మామా."

ఆయన కిటికీ వైపు తిరిగి కాసేపు రొయ్యల గుంటల్ని చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మరి ఆమె?"

"ఆమె బతికింది. ఇల్లంతా కడుక్కోని, ఆ బీరువా బయట పారేసి, బతికింది."

"మంచి పని చేసింది," అన్నాడు ఆయన.

మర్నాడు బడి అయ్యాక కొట్టుకి వెళ్లాను. అక్క బూరుగుదూది దిండ్లలోకి కూరుతోంది. ఆ అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లాలని ఎలా తోచిందని అడిగాను.

"మా వోడికంటే ముందు నాకొక బిడ్డ పోయింది," అంది, చేతులు ఆపకుండా. "అప్పుడు అత్తగారింట్లో చానామంది ఉండేవాళ్లం. ఏడిస్తే ఇంటికి మంచిది కాదన్నారు. సరేనని గమ్మునుండిపోయినా. ఒకరోజు మా అమ్మ జతన సినిమాకి పోతే, అది దెయ్యం సినిమా అని మాకు తెలీదు. అందరూ అరిచినారు, నేనూ అరిచినా. ఎంతసేపు అరిచినానో. ఎందుకు అరస్తా ఉండావని ఒక్కరన్నా అడగలా." దిండు మూతి దగ్గరికి లాగి దబ్బనం అందుకుంది. "ఏడుపు సినిమాలో ఏడిస్తే పక్కనోళ్లు మొకంలోకి చూస్తారు. ఈడ ఎవురూ చూడరు. ఎవుడి భయం వాడిది."

అప్పటినుంచి ఆదివారాలు మేము ముగ్గురం వెళ్లేవాళ్లం. కోడలు అత్తని మించిపోయింది. అత్త తెరమీదివాళ్లకి సలహాలిస్తే, కోడలు దర్శకుడికి ఇచ్చేది. ఇద్దరూ పందేలు కాసుకునేవాళ్లు. ఓడినవాళ్లు మరుసటి రోజు చేపలు కడగాలి.

మళ్లీ ఆ అమ్మాయికి కడుపు పండినప్పుడు అక్క సినిమాలు పూర్తిగా మానేసింది. ఎవరూ చెప్పలేదు, తనే మానేసింది. నన్నొక్కదాన్నే పొమ్మనేది. వచ్చి కథ చెప్పమనేది. నేను ఏం చెప్పినా, "నువ్వు సరిగా చూడలా" అని కొట్టిపారేసేది.

నొప్పులు తెల్లవారుజామున మొదలై, నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి ఎండెక్కింది. నేను సెలవు పెట్టి వెళ్లాను. అక్క కాన్పుగది తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కొడుకు మందుల కోసం పరిగెత్తుతున్నాడు. ఆయన లోపలికి రాలేక కింద మెట్ల మీదే ఉండిపోయాడు. మందుల వాసన తగిలితేనే ఆయనకి కళ్లు తిరుగుతాయి.

లోపలినుంచి కోడలి అరుపులు వరండా అంతా మారుమోగుతున్నాయి. ఒక నర్సు విసుగ్గా బయటికి వచ్చింది.

"ఏందమ్మా మీ పిల్ల ఆ అరుపులు. ఇది ఆసుపత్రి అనుకున్నారా, సినిమా హాలనుకున్నారా?"

"రెండూ ఒకటే సిస్టర్," అంది అక్క. "లోపలికి పోయినోళ్లు అరవాల్సిందే. అరవనీ."

నర్సు నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఇంకాసేపటికి అరుపులు ఆగిపోయాయి. తలుపు అవతల ఏ చప్పుడూ లేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది. అన్ని సినిమాల్లోనూ నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను గాని, ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. దబ్బనం పొడుచుకుని కాయలు కాసిన ఆ వేళ్లు నా అరచేతిలో గరుకుగా తగిలాయి. ఆమె పెదాలు కదుల్తున్నాయి. ఏం చదువుకుంటోందో నాకు వినపడలేదు.

అప్పుడు లోపల ఇంకో గొంతు లేచింది. చిన్న గొంతు కాదు. వరండా చివర కూర్చున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు.

నర్సు తలుపు తీసి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగుండారు" అంది.

అక్క లేవబోయి, మళ్లీ బెంచీ మీద కూర్చుంది. నవ్వుతోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలని కూడా తోచడం లేదు. నేను పరిగెత్తి మెట్ల దగ్గరికి వెళ్లి ఆయనకి చెప్పాను. ఆయన మొదటి మెట్టు మీద చెప్పులు విడిచాడు. ఆ భారీ మనిషి ఒక్కో మెట్టూ ఎక్కి, వరండా దాటి, ఎవర్నీ ఏమీ అడక్కుండా కాన్పుగది తలుపు దగ్గరికి వెళ్లాడు.

"ఆగయ్యా," అంది అక్క వెనకనుంచి. "ఇంకా కడగలా. లోపల రక్తముంటాది."

ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు.